ఎర్ర దారం గిన్నె

మా వంటింట్లో ఎర్ర దారం కట్టిన స్టీలు గిన్నెలు ఆరు ఉండేవి. వాటిలో వండకూడదు, వాటిలో తినకూడదు. మా ఆడపడుచు ఇందుమతి పెట్టిన నియమం అది. గిన్నె గంజితోడుతో బయటికి వెళ్ళాలి, ఖాళీగా తిరిగి రావాలి, రాగానే గుమ్మం దగ్గరే బ్లీచింగ్ నీళ్ళలో మునగాలి. మూడే మూడు ముక్కలు. వాటిలో మధ్యది మాత్రం మా అపార్ట్‌మెంటులో ఎవరికీ చేతకాలేదు.

తుపాను తీరం దాటిన నాలుగో రోజుకి విశాఖపట్నంలో చుక్క పెట్రోలు లేదు. నూనె ఓడలు ఆగే జెట్టీ విరిగి సముద్రంలో కూర్చుంది. అటు శ్రీకాకుళం వైపూ ఇటు అనకాపల్లి వైపూ వంతెనలు పోయాయి. బంకుల దగ్గర మొదట బళ్ళు వరసలో నిలబడ్డాయి, తరవాత బళ్ళ బదులు సీసాలు, ఆ తరవాత సీసాల బదులు చెప్పులు. ఎవరి చెప్పు ఎక్కడుందో వాళ్ళకి గుర్తు. ఆ చెప్పుల వరస మీద వాన పడింది, ఎండ కాసింది, ట్యాంకరు మాత్రం రాలేదు. గ్యాసు బండి లేదు, పాల బండి లేదు. ఊళ్ళో చెట్లన్నీ నేలమీదే ఉన్నా పొయ్యిలోకి ఒక్కటీ పనికి రాదు; పచ్చి కర్ర పొగే తప్ప మంట ఇవ్వదు. అక్కయ్యపాలెంలోని మా అపార్ట్‌మెంటులో పద్నాలుగు కాపురాలు. రెండో అంతస్తువాళ్ళు కిటికీ తలుపులు విరిచి పొయ్యిలో పెట్టడం నేను చూశాను.

మా ఇంట్లో వంట కంటే పెద్ద చిక్కు ఇంకొకటి. మావయ్యగారు అప్పలనరసయ్యగారు పోర్టులో లాంచి ఇంజను డ్రైవరుగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. పొగ మింగీ మింగీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్, ముక్కుకి గొట్టం. మెషినుకి కరెంటు కావాలి, కరెంటు లేదు గనక కింద జనరేటరు నడవాలి, జనరేటరుకి డీజిలు కావాలి. డ్రమ్ములో మిగిలింది మూడు రోజులకి వస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి చూశాం. వరండాలో జనాన్ని పక్కపక్కనే పడుకోబెట్టి, ఉన్న సిలిండర్లు వంతులవారీగా పెడుతున్నారు. "ఇంట్లో మెషినుంటే ఇంటికే తీసుకుపొండమ్మా," అని నర్సు నా చేతులు పట్టుకుంది. మావారిది రైల్వేలో పని. పట్టాలు కొట్టుకుపోయిన చోటికి పంపితే అక్కడే చిక్కుపడ్డారు.

ఇందు సముద్రజీవుల ప్రయోగశాలలో పరిశోధకురాలు. నాలుగో రోజు తన ల్యాబు ఏమైందో చూడటానికి బయల్దేరింది. ఒక్కదాన్నే పంపలేక నేనూ వెళ్ళాను. పడిన చెట్ల మీంచీ తీగల కిందనుంచీ రెండు గంటల నడక. లోపల మోకాలెత్తు ఉప్పునీరు. ఫ్రీజర్లు కరిగి, ఏడేళ్ళ నమూనాలు కుళ్ళిన చేపల వాసన కొడుతున్నాయి. ఇందు ఏడవలేదు. పై అరలోంచి ఒకే ఒక గాజు కుప్పె తీసి, చున్నీలో చుట్టి పొట్టకి ఆనించుకుంది.

"ఏమిటది?" అన్నాను.

"ఫిషింగ్ హార్బరు అడుగు బురదలోంచి తీసిన సూక్ష్మజీవి వదినా. దాని తిండి నేను మార్చాను. గంజి తాగి నూనె వదుల్తుంది."

"కిరసనాయిలు లాంటిదా?"

"దాదాపు."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదే?"

"బయటికి తేవడానికి అనుమతి లేదు. ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి. రెండేళ్ళు పడుతుంది."

"మావయ్యగారికి మూడు రోజులే ఉన్నాయి ఇందూ," అన్నాను.

ఆమె కుప్పెని ఇంకా గట్టిగా పట్టుకుని నడక వేగం పెంచింది. ఇంటికొచ్చాక కుప్పె నా వంటగట్టు మీద పెట్టింది.

కిలో బియ్యం గంజి గోరువెచ్చగా చేసి, గరిటెడు తోడు కలిపి, గుడ్డ మూసి పెట్టాలి. వేడి సరిపోయిందో లేదో నేను వేలు ముంచి చూశాను. ఇందు తల పట్టుకుంది. "థర్మామీటరుండగా వేలెందుకు వదినా?"

"నీ థర్మామీటరు ఎప్పుడైనా పెరుగు తోడుపెట్టిందా?"

మర్నాడు పొద్దున్నకి గంజిమీద పసుపచ్చటి నూనె అంగుళం మందాన తేలింది. పాలమీద మీగడ తీసినట్టే గరిటెతో తీశాను. గుడ్డపీలిక ముంచి అగ్గిపుల్ల గీస్తే పొగలేని మంట. గిన్నె తీసుకెళ్ళి మావయ్యగారికి చూపించాం. ఆయన రెండు వేళ్ళమధ్య రాసి, వాసన చూసి, "పల్చగా ఉంది. వడకట్టి పొయ్యండి. లాంచికైనా పొయ్యొచ్చు," అన్నారు.

జనరేటరుని ఆయన మంచంమీంచే నడిపారు. చప్పుడు వింటూ ఏ మర ఎంత తిప్పాలో చెప్పేవారు, నేను మెట్లు దిగి కింద కుర్రాళ్ళకి చెప్పేదాన్ని. "అమ్మాయ్, ఇంజను దగ్గుతోంది. నాకంటే ఎక్కువ దగ్గుతోంది. గాలి కొంచెం తగ్గించమను." మూడోసారికి దగ్గు ఆగింది. ఆయన ముక్కు గొట్టంలో గాలి సన్నగా ఈల వేసింది. తుపాను తరవాత ఇందు నవ్వడం అదే మొదలు.

ఒక్క ఇంటి గంజి చాలదు. సీసా నూనెతో జనరేటరు నలభై నిమిషాలు నడుస్తుంది. అందుకని పద్నాలుగు ఇళ్ళకీ తోడు పంచాం. ఇంటికి పూటకొక సీసా జనరేటరుకి, మిగిలింది వాళ్ళ పొయ్యికి. మూలపడ్డ పంపుస్టవ్వులు అటకలమీంచి దిగాయి. వారం రోజుల తరవాత మా మెట్లమీద పోపు వాసన వచ్చింది.

గిన్నెలు మాత్రం ఖాళీగా రాలేదు. ఒకరు చిటికెడు పంచదార వేశారు, ఒకరు రెండు నిమ్మకాయలు. మా ఎదురింటి నూకరత్నం నాలుగు పచ్చిమిరపకాయలు వేసి తెచ్చింది. ఆమె భర్తది ఆటో. పెట్రోలు లేక గేటు పక్కన పడి ఉంది.

"ఖాళీగా ఇమ్మన్నాను కదా రత్నం."

"ఏటక్కా నువ్వు? ఒట్టి గిన్నె ఎనక్కిచ్చీమంటావేటి? మాయమ్మ నన్నలా పెంచలేదు."

ఆమెని అనడానికి నాకు నోరెలా వస్తుంది? ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒకరి గిన్నె ఒట్టిది తిరిగిచ్చిన పాపాన నేనూ పోలేదు. మిరపకాయలు తీసి కడిగాను, గిన్నె బ్లీచింగ్ నీళ్ళలో ముంచాను. ఇందుతో చెప్పలేదు.

తొమ్మిదో రోజున సహాయ శిబిరంవాళ్ళు పాలపొడి పొట్లాలు ఇచ్చారు. పిల్లలున్న ఇళ్ళు మూడు. పాలుగా ఇద్దామంటే పూట దాటితే విరుగుతాయి. పెరుగైతే పిల్లల కడుపుకి చలవ అనుకున్నాను. కానీ తోడు లేదు. ఫ్రిజ్జులు ఆగాక ఎవరింట్లో పెరుగు వాళ్ళింట్లో పురుగు పట్టింది. ఆ మధ్యాహ్నమే రత్నం ఎర్ర దారం గిన్నె తెచ్చింది. అడుగున రెండు చెంచాల గట్టి పెరుగు.

"పిల్లకని దాసిన పాలపొడి కలిపి, మిరపకాయ తొడిమిలేసి తోడెట్టానక్కా. మూణ్ణాళ్ళనుంచి బతికించుకొస్తన్నాను. తాతగారికెట్టు."

"ఆయనకి కఫం, పెరుగు పెట్టను. గిన్నె దేనితో తోమావు?"

"సింతపండూ బూడిదా ఏసి రుద్దీసాను. నీ మొహం సూసుకో."

నిజంగానే ముఖం కనిపించేలా ఉంది. గట్టు దగ్గర నిలబడి ఆ దారం వంకా పెరుగు వంకా చూశాను. పారెయ్యాలి. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివాను. ఈ జీవి పులుపుకి ఆగదనీ, పొరపాటున మింగినా కడుపులోని ఆమ్లానికి చస్తుందనీ ఇందు చెప్పింది. పెరుగు పులుపే కదా, ఒకటీ అరా ఉన్నా అందులోనే చస్తుంది అని లెక్క వేసుకున్నాను. లెక్క సరిగానే ఉందనిపించింది. ఆ రెండు చెంచాలతో పాలు తోడుపెట్టాను.

పెరుగు బాగా తోడుకుంది. అందులోంచి రోజూ గరిటెడు తీసి మర్నాటికి తోడు ఉంచేదాన్ని, మిగిలింది మూడిళ్ళకి పంపేదాన్ని. నేనూ ఇందూ చారన్నంతో సరిపెట్టుకున్నాం. మావయ్యగారు మంచంమీంచి వాసన పట్టేవారు. "ఊరందరికీ పెరుగు పంచుతోంది, ఇంట్లో మావకి మాత్రం లేదు."

"కఫం తగ్గాక పెడతాను మావయ్యగారూ."

"కఫం తగ్గేది నాతోనే అమ్మాయ్."

రత్నం కూతురు లిఖితకి అయిదేళ్ళు. గిన్నె పట్టుకుని తనే వచ్చేది. నేను పెరుగు వేస్తుంటే, "మీగడ ఎయ్యత్తా, మీగడ," అనేది. వేసేదాన్ని.

పద్దెనిమిదో రోజు తెల్లవారుతూనే రత్నం పిల్లని చంకనేసుకుని వచ్చింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"అక్కా, పిల్ల అన్నం బాగానే తింటంది. రెండుసార్లు తింటంది. తిన్నదంతా ఎటు పోతందో తెల్డం లేదు. సూడు, ఎముకలు సేతికి తగిల్తన్నాయి."

పొట్ట ఉబ్బి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. పెదాలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పిల్ల దగ్గింది. ఆ ఊపిరి నా ముఖానికి తగిలింది. మండించని పంపుస్టవ్వు వాసన.

"ఇంకోటక్కా," అని రత్నం గొంతు తగ్గించింది. "దొడ్డికెల్తే బకెట్లో నీళ్ళమీద రంగులు తేల్తన్నాయి. రోడ్డుమీద పెట్రోలొలికితే తేల్తాయే, అలాగ."

ఇందు అలమర వైపు పరిగెత్తింది. తను చదువుకునే రోజుల నాటి మైక్రోస్కోపు ఉంది, కరెంటుతో పనిలేనిది, కింద అద్దం తిప్పి ఎండ పట్టుకునేది. దాన్ని బాల్కనీలో పెట్టింది. పిల్ల ఉమ్మి ఒక గాజుపలక మీద, గంజితోడు ఒకదాని మీద. రెండూ చూసింది. మళ్ళీ చూసింది.

"అదే. కానీ కడుపులో ఎలా బతికింది? బతకదు వదినా. నేను నూట పన్నెండుసార్లు చూశాను."

నేను వంటింట్లోకి వెళ్ళి పెరుగు గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. మూడో పలక మీద చుక్క వేసి, కన్ను ఆనించింది. నేను చెప్పవలసిందంతా ఆ వంగిన వీపుకే చెప్పాను: ఎర్ర దారం, రెండు చెంచాలు, నా లెక్క.

"మొదటిరోజు నీ లెక్క నిజమే," అంది ఇందు తలెత్తకుండానే. "పులుపుకి నూటికి తొంభైతొమ్మిది చచ్చాయి. చావని ఒక్కటీ గరిటెలో మర్నాటికి వెళ్ళింది. రెండోరోజు ఇంకా గట్టివే మిగిలాయి. ఇలా తొమ్మిది రోజులు. పులుపుకి ఆగే రకాన్ని తయారుచెయ్యాలంటే ల్యాబులో నాకు ఏడాది పట్టేది వదినా. నువ్వు పెరుగు గిన్నెలో చేశావు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

"పిల్ల బతుకుతుందా?"

"పెరుగు తిన్న మూడిళ్ళ పిల్లలకీ అన్నం, పంచదార, పాలు ఆపేయాలి. గుడ్లూ చేపలే. దానికి తిండి లేకపోతే నాలుగైదు రోజుల్లో చస్తుంది. కానీ..." తల తిప్పి వంటింట్లో వరసగా ఉన్న కుండల్ని చూసింది. "నూనె తీసిన చెయ్యే పిల్లకి తినిపిస్తోంది. గరిటెలు, గుడ్డలు, తూములు. ఈ గట్టి రకం ఏ కుండలో చేరిందో, ఏ కుండలో లేదో నేను చెప్పలేను. ఒక్కటి మిగిలినా మళ్ళీ నోట్లోకి వెళ్తుంది. అన్నీ చంపాలి."

"అన్నీ అంటే?"

"పద్నాలుగిళ్ళూ."

గోడ అవతల ఆక్సిజన్ మెషిన్ చప్పుడు వినిపిస్తోంది.

"మేడమీద ఒక్క కుండ ఉంచితే? నేనొక్కదాన్నే ముట్టుకుంటే?" అంది ఇందు. అడిగింది పరిశోధకురాలు కాదు, కూతురు. జవాబు తనే చెప్పుకుంది. "ఒక్క కుండకి నలభై నిమిషాలు. పైగా మేడమీదే నీళ్ళ ట్యాంకు."

కరెంటు ఆఫీసులో అడిగితే రెండురోజులన్నారు. రెండురోజులని వాళ్ళు వారం నుంచి అంటున్నారు.

రత్నానికి నేనే చెప్పాను. వాళ్ళ గుమ్మంలో నిలబడి, తప్పు ఆ గిన్నెది కాదు, నాదే అని చెప్పాను. ఆమె పిల్ల తల నిమురుతూ విన్నది.

"నాకు తెల్దు. నాకు మర్యాదొకటే తెలుసు," అంది. "నువ్వు సదువుకున్నదానివి గదక్కా."

బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి మొదటి కుండలో నేనే పోశాను. నూనె పొర కింద గంజి తెల్లగా విరిగింది. అన్ని ఇళ్ళవాళ్ళూ ఉన్న నూనె తెచ్చి ఇచ్చారు. తొమ్మిది సీసాలు. ఆరు గంటల గాలి.

మావయ్యగారితో మేం చెప్పేలోగానే ఆయనకి తెలిసిపోయింది. పలచటి తలుపుల ఇల్లు. ఇందు మంచం కోడు దగ్గర కూర్చుంది.

"ఆ పిల్ల... మీగడ అడిగే పిల్లేనా?" అన్నారాయన.

"అవును నాన్నా."

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "లాంచిలో ఒక పద్ధతుండేది. ఇంజను ఆపేముందు పైనున్నవాడికి కేకేసి చెప్పాలి. చెప్పకుండా ఆపితే మనిషి తూలి నీళ్ళలో పడతాడు. ఆపేముందు నాకు చెప్పండి. అంతే."

"చెప్తాను మావయ్యగారూ," అన్నాను. మాట ఇచ్చింది నేను.

ఆ పొద్దున్నే పది గంటలకి మిగతా కుండలు మొదలుపెట్టాం. ఇందు కింది రెండు అంతస్తులు, నేను పైవి. కుండలో పొయ్యడం, గరిటెలు ముంచడం, గుడ్డలు కాల్చడం, తూముల్లో పొయ్యడం. చేతులు పొక్కులెక్కాయి, కళ్ళు మండాయి. ప్రతి ఇంట్లోనూ గట్టు కింద కూర్చుని చేత్తో తడిమి చూశాను. మళ్ళీ ఒక చెంచా మిగలకూడదు. నాలుగు గంటలదాకా నూనె ఉంటుందని నా లెక్క, మూడున్నరకి వెళ్ళి ఆయన పక్కన కూర్చుందామనుకున్నాను.

మూడుంపావుకి, ఆఖరి ఇంట్లో తూము దగ్గర వంగి ఉండగా, నిశ్శబ్దం వినిపించింది. ఎండలో వేడెక్కిన ఇంజను నా లెక్కకంటే ఎక్కువ తాగింది.

తడిచేతులతోనే మెట్లు ఎక్కాను. ఆయన ఒక చెయ్యి గోడవైపు చాచి ఉంది, ఏదో కడ్డీ పట్టుకోబోయినట్టు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి దించారు.

"చెప్పలేదు కదమ్మాయ్," అన్నారు.

అందులో నిష్ఠూరం లేదు. జరిగినదేదో చెప్పినట్టు చెప్పారు. తరవాత మాటలకి ఊపిరి చాలలేదు. ఇందూ నేనూ చెరో పక్కనా కూర్చుని విసనకర్రలతో విసురుతూనే ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాటాక పోయారు.

మావారు సమయానికి అందలేదు. తలకొరివి తనే పెడతానని ఇందు అంది, వద్దనే ఓపిక ఎవరికీ లేదు. కిందికి దించాక ఇంకో చిక్కు వచ్చింది. శ్మశానంలో ఉన్నదంతా తుపానుకి పడ్డ పచ్చి కర్రే. కిరసనాయిలు లేదు. ముందురోజు తీసుకెళ్ళినవాళ్ళ చితికి సాయంత్రందాకా పొగ వచ్చిందే గానీ అంటుకోలేదని చెప్పారు. మగవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు.

రత్నం లోపలికెళ్ళి కొంగుచాటున ఏదో పట్టుకుని వచ్చింది. నా చేతిలో పెట్టింది. సీసా. మూతదాకా పసుపచ్చటి నూనె.

ఆమె నన్ను చూడలేదు. "పిల్లకి గుడ్లుడకెట్టాలి గదాని... దాసీసాను. ఇచ్చీమన్నప్పుడు ఇవ్వలేదు."

నలభై నిమిషాలు. ఆ లెక్క నా బుర్రలో నేను వద్దన్నా నడిచింది. నలభై నిమిషాలుంటే నేను మూడున్నరకి పైకి వెళ్ళేదాన్ని. ఆయన పక్కన కూర్చునేదాన్ని. మావయ్యగారూ, ఆపుతున్నాం అని చెప్పేదాన్ని.

"పిల్ల ఎలా ఉంది?" అన్నాను.

"వాసన తగ్గిందక్కా."

సీసా ఇందుకి ఇచ్చాను. పచ్చి కర్రమీద అది బాగానే మండిందని తరవాత చెప్పారు.

ఆయన పోయిన నాలుగోరోజున కరెంటు వచ్చింది. ఆరోరోజున మొదటి ట్యాంకరు కూడా వచ్చిందట, చెప్పుల వరస దగ్గర కొట్టుకున్నారట. లిఖిత చేపముక్క చేత్తో పట్టుకుని వరండాలో తిరుగుతోంది. నన్ను చూస్తే దగ్గరికి రాదు. వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. ఇందు తన కాగితాలన్నీ కట్టకట్టి, జరిగినదంతా రాసి పైవాళ్ళకి పంపింది. పెరుగు గిన్నె సంగతి కూడా రాసింది. రాయమని నేనే అన్నాను.

దినాలు అయ్యాక ఆ సీసా మా గుమ్మంలో కనిపించింది, శ్మశానం నుంచి ఎవరో తెచ్చి పెట్టారు. బ్లీచింగ్ నీళ్ళలో రోజంతా నానబెట్టి, మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టాను. ఎదురింటి తలుపు కొట్టాను.

రత్నం సీసా అందుకుంది. అలవాటుకొద్దీ వెలుతురుకి ఎత్తి లోపలికి చూసింది. ఒట్టిది.

నాకేసి ఒకసారి చూసి తల ఊపింది. తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల ఆమె బకెట్టు జరిపి, ఆ సీసాని మళ్ళీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచుతున్న చప్పుడు గుమ్మం బయట నిలబడి విన్నాను.